కథలోని మనిషికి లోపం ఎలా ఇవ్వాలి: కథకులకు సమగ్ర మార్గదర్శి

కొత్తగా కథలు రాసేవారి ప్రతుల్లో ఒక మనిషి పదేపదే కనిపిస్తాడు. అతను మంచివాడు, చదువుకున్నవాడు, తల్లిదండ్రుల మాట జవదాటనివాడు, అన్యాయం చూస్తే ఊరుకోనివాడు. అతనికి వచ్చే కష్టాలన్నీ బయటి నుంచే వస్తాయి. వాటిని అతను ఓర్పుతో భరిస్తాడు. చదివినవారు అయ్యో అనుకుంటారు, పుస్తకం మూశాక మరచిపోతారు. ఎవరైనా ఈ మాట చెబితే, రచయిత రెండో ప్రతిలో అతనికి కాస్త ముక్కోపం, సిగరెట్టు అలవాటు, కొంచెం మతిమరుపు చేరుస్తాడు. కథ మాత్రం ఉన్నచోటనే ఉంటుంది, ఎందుకంటే అతికించిన వాటిలో ఒక్కటి కూడా కథను కదిలించదు.

ఈ వ్యాసం ఆ రెండో ప్రతి దగ్గర ఆగిపోయినవారి కోసం. పాత్రకు తగిన లోపాన్ని ఎలా ఎన్నుకోవాలి, దాని వేరు ఎక్కడ వెతకాలి, దృశ్యంలో ఎలా చూపాలి, కథ చివరికి దాన్ని ఏం చేయాలి అన్నవి వరుసగా చెబుతాను. ఉదాహరణ మాటిమాటికీ మారిస్తే పని తీరు బోధపడదు కనుక ఒకే పాత్రను మొదటి నుంచీ కలిసి తయారుచేద్దాం. అతని పేరు చలపతి. నరసరావుపేట, చిలకలూరిపేటల మధ్య తిరిగే బస్సులో కండక్టరు. వయసు 48. భార్య సరోజిని, ఒక్కతే కూతురు సుజాత. ఇంతకు మించి అతని గురించి మనకు ఇప్పటికి ఏమీ తెలియదు.

మొదటి మెట్టు: మచ్చనూ లోపాన్నీ వేరు చేయడం

గోళ్లు కొరకడం, గురక పెట్టడం, చెప్పిన వేళకు రాకపోవడం, ఉప్పు ఎక్కువైతే కంచం తోసేయడం వంటివి మనిషిని గుర్తుపట్టడానికి పనికివస్తాయి. వాటిని నేను మచ్చలంటాను. మచ్చలు ఉండకూడదని కాదు, అవి ఉంటేనే మనిషి కంటికి ఆనుతాడు. కాని మచ్చను తీసేసినా కథ చెక్కుచెదరదు. లోపాన్ని తీసేస్తే కథే ఉండదు.

పరీక్ష చాలా సులువు. మీ కథలోని ముఖ్య సంఘటనలను ఒక కాగితం మీద వరుసగా రాయండి. ఒక్కొక్క సంఘటన దగ్గర ఆగి, ఈ మనిషికి ఈ గుణం లేకపోయినా ఇది జరిగేదా అని అడగండి. అన్నిచోట్లా జరిగేదే అన్న జవాబు వస్తే మీ దగ్గర ఉన్నది మచ్చ మాత్రమే. నేను చాలాకాలం క్రితం తాగుబోతు తండ్రి గురించి ఒక కథ రాసినప్పుడు, చదివిన మిత్రుడు ఒకే ప్రశ్న అడిగాడు: ఈయన తాగకుండా ఉంటే నీ కథలో ఏం మారుతుంది? వెతికి చూస్తే నిజంగా ఏమీ మారలేదు. తాగుడు ఆ తండ్రికి నేను తొడిగిన చొక్కా మాత్రమేనని, లోపలి మనిషిని నేను చూడనేలేదని అప్పుడు అర్థమైంది.

రెండో మెట్టు: మంచి గుణం నుంచి మొదలుపెట్టడం

లోపాల జాబితా ముందు పెట్టుకుని అసూయ, లోభం, పిరికితనం అంటూ ఒకదాన్ని ఏరుకునే పద్ధతిని నేను సిఫారసు చేయను. అలా ఏరుకున్న లోపం పాత్రకు బయటిదిగానే మిగిలిపోతుంది. దానికి బదులు ఆ మనిషిని ఊళ్లో అందరూ దేనికి మెచ్చుకుంటారో చూడండి. ఆ మెచ్చుకునే గుణమే హద్దు దాటినప్పుడు, చోటు కాని చోట పట్టుబట్టినప్పుడు, లోపమవుతుంది. అందరికీ వండిపెట్టే పెద్దకోడలు వంటింట్లో ఇంకొకరి చేయి పడనివ్వదు. అందరినీ సమంగా చూసే హెడ్మాస్టరు తన కొడుకును మాత్రం పరాయివాడికన్నా పరాయివాడిగా చూస్తాడు. అమెరికాలో ఉన్న కొడుకు అడిగినదానికన్నా ఎక్కువ డబ్బు పంపుతాడు, ఎందుకంటే పంపినన్నాళ్లూ తాను రానవసరం లేదు.

మన వాఙ్మయంలో దీనికి నాకు తెలిసిన అతి గొప్ప ఉదాహరణ ధర్మరాజు. సభాపర్వంలో విదురుడు జూదానికి పిలుపు తెచ్చినప్పుడు, అది కీడు తెచ్చే పని అని తెచ్చినవాడికీ తెలుసు, విన్నవాడికీ తెలుసు. అయినా వెళతాడు. పిలిచిన ఆటకు వెనుదిరగకూడదన్న నియమం, పెదతండ్రి మాట కాదనకూడదన్న వినయం, ఈ రెండూ అతన్ని ధర్మరాజును చేసిన గుణాలే. ఆ గుణాలే అతన్ని హస్తినకు నడిపించాయి. అక్కడ తమ్ములను ఒకరి తరువాత ఒకరిగా, ఆ తరువాత తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డాడు. దుర్యోధనుడి అసూయను తలచుకుని మనం కోపగించుకుంటాం, అంతటితో అయిపోతుంది. ధర్మరాజు గురించి మాత్రం ఇప్పటికీ ఇళ్లలో వాదించుకుంటాం. మంచితనంలోంచి మొలిచిన లోపానికి ఉన్న శక్తి అది.

ఇప్పుడు చలపతి దగ్గరికి వద్దాం. డిపోలో అందరూ అతని గురించి చెప్పే మాట ఒకటే: చలపతి ఎవరికీ అర్ధరూపాయి బాకీ ఉండడు. చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చిన మొత్తాన్ని, దిగేవాడు అడగడం మరచినా, అతను మరవడు. ఇది మెచ్చుకోదగిన గుణమే. దీన్నే హద్దు దాటిద్దాం. చలపతి ఎవరికీ రుణపడి ఉండలేడు; డబ్బుకే కాదు, సాయానికీ, మాటకూ, జాలికీ కూడా.

మూడో మెట్టు: లోపానికి వేరు వెతకడం

ఈ మెట్టు దగ్గర చాలామంది అవసరానికి మించి రాస్తారు. చిన్ననాటి దుఃఖాన్ని పది పేజీలు పరిచి, అందువల్లనే ఇతను ఇలా అయ్యాడని నిరూపించడానికి కూర్చుంటారు. కథ కోర్టు కాదు కనుక సాక్ష్యాలన్నీ ప్రవేశపెట్టనవసరం లేదు. ఒక్క సంఘటన, అది కూడా కళ్లకు కట్టేంత చిన్నది, చాలు.

చలపతికి తొమ్మిదేళ్లప్పుడు తండ్రి అతన్ని పావుకిలో కందిపప్పుకు కిరాణా కొట్టుకు పంపాడు. కొట్టాయన పప్పు పొట్లం కట్టలేదు. ఖాతా పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని, పేజీలు తిప్పి, తండ్రి పేరు దగ్గర ఆగి, ఆషాఢం నుంచీ ఉన్న పద్దులన్నీ ఒక్కొక్కటిగా గట్టిగా చదివాడు. కొట్టు ముందు అరుగు మీద అయిదారుగురు కూర్చుని ఉన్నారు. వాళ్లలో చలపతి క్లాసుకు చెప్పే మాస్టారు కూడా ఉన్నాడు. కొట్టాయన తిట్టలేదు, చదివాడంతే. చదవడం పూర్తయ్యాక పప్పు కూడా ఇచ్చాడు.

ఇచ్చాడన్న చివరి మాట ముఖ్యమైనది. ఇవ్వకుండా వెళ్లగొట్టి ఉంటే పిల్లవాడు ఆ కొట్టాయన మీద కోపం పెంచుకునేవాడు, కథ ఇంకో దారి పట్టేది. ఇచ్చాడు కనుక, పుచ్చుకోవడమే అవమానమని పిల్లవాడి మనసులో నాటుకుంది. మీ పాత్రకు మూల సంఘటన రాసేటప్పుడు ఇలాంటి మెలిక ఒకటి వెతకండి. దుర్మార్గుడు ఒక్కడూ లేకుండా జరిగిన గాయం, దుర్మార్గుడు చేసిన గాయం కన్నా ఎక్కువకాలం ఉంటుంది.

ఇంత రాసిన తరువాత దీన్ని కథలో పెట్టాలా వద్దా అన్నది వేరే ప్రశ్న. నా అభిప్రాయంలో నాలుగు వాక్యాలకు మించి పెట్టకూడదు, అది కూడా కథ సగం దాటిన తరువాతనే. మిగిలినది మీ నోటుపుస్తకంలో ఉండనివ్వండి. అది మీకు తెలిసి ఉండటం వల్ల చలపతి నడకలో, మాటలో వచ్చే తేడాను పాఠకుడు పోల్చుకుంటాడు.

నాలుగో మెట్టు: పాత్ర నమ్మకాన్ని పాత్ర మాటల్లోనే రాయడం

లోపం ఉన్న మనిషికి అది లోపమని తెలియదు. తెలిసినా దానికి ఒక మంచి పేరు పెట్టుకుని ఉంటాడు. పిసినారి తనను పొదుపరి అనుకుంటాడు, మొండివాడు తనను మాట మీద నిలబడేవాడు అనుకుంటాడు, అనుమానించేవాడు తనకు లోకం తెలుసు అనుకుంటాడు. అందుచేత లోపాన్ని మీ భాషలో కాక అతని భాషలో, నేను అనే మాటతో మొదలుపెట్టి, ఒక్క వాక్యంగా రాసుకోండి. చలపతి వాక్యం ఇది: నేను చేయి చాచనంతవరకే నా తల పైకి ఉంటుంది.

ఈ వాక్యం చేతికి వచ్చాక మిగతా పని సగం అయిపోయినట్టే. పెళ్లిలో అతను ఎక్కడ కూర్చుంటాడు, జ్వరం వస్తే ఎవరికి చెబుతాడు, పక్కింటివారు పంపిన పులిహోర గిన్నెను ఎలా తిరిగి పంపుతాడు అన్న ప్రశ్నలన్నింటికీ ఈ వాక్యమే జవాబు చెబుతుంది. చలపతి ఇంట్లో పరాయివారి గిన్నె రాత్రి నిలవ ఉండదు. ఖాళీగానూ వెళ్లదు. అలాంటి చిన్న జవాబులు ఓ ఇరవై రాసుకోండి. కథలో మూడు వాడినా చాలు.

అయిదో మెట్టు: మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో తేల్చడం

నా దృష్టిలో ఈ పని మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. లోపం వల్ల పాత్ర ఒక్కడే నష్టపోతే అది కేవలం దురదృష్టం. ఆ లోపానికి ఇంకొకరు, అది కూడా ఎదురు చెప్పలేని చోటున ఉన్నవారు, మూల్యం చెల్లిస్తున్నప్పుడు దానికి అర్థం వస్తుంది. సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నను గుర్తు చేసుకోండి. ముందు తన్ను తాను ఓడి నన్ను ఓడాడా, నన్ను ఓడి తన్ను ఓడాడా అని ఆమె అడిగింది. ధర్మరాజు నియమానికి మూల్యం ఎవరి దగ్గర వసూలయిందో ఆ ప్రశ్నతోనే తేలుతుంది, దానికి సభలో పెద్దలు సూటిగా జవాబు చెప్పలేకపోయారు.

చలపతి కథలో సుజాతకు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఫీజు కట్టాలి. సరోజిని తమ్ముడు ఇంటికి వచ్చి, వడ్డీ మాట ఎత్తకండి బావగారూ, సుజాత నా మేనకోడలు కాదా అని డబ్బు ముందు పెట్టాడు. చలపతి మజ్జిగ ఇప్పించి, మర్యాదగా మాట్లాడి, డబ్బుతోనే వెనక్కి పంపాడు. తరువాత వారంలో సరోజినికి పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం మాగాణిని, సాగర్ కాలువ కింద ఉన్నదాన్ని, బేరం పెట్టాడు. పొలం ఆమె పేరున ఉంది కనుక ఆమె సంతకం కావాలి. రేపు పది గంటలకు రిజిస్ట్రారు ఆఫీసుకు రావాలి, ఆధార్ కార్డు మరవకు అని చెప్పాడు. అడగలేదు, చెప్పాడు.

ఇక్కడ చలపతి ఎవరికీ రుణపడకుండా ఉండటానికి భార్యకు తీర్చలేనంత రుణపడ్డాడు. ఆ రుణం అతని లెక్కలోకి రాలేదు, ఎందుకంటే భార్యను అతను వేరే మనిషిగా లెక్కపెట్టలేదు. ఈ అంధత్వం దొరికేదాకా నా దగ్గర ఉన్నది నిజాయితీపరుడైన ఒక కండక్టరు బొమ్మ మాత్రమే. ఇది దొరికాకనే అది కథ అయింది. మీ పాత్ర విషయంలోనూ లోపం ఎవరి మీద వాలుతున్నదో పేరుతో సహా రాసుకోండి. పేరు రాయలేకపోతే రెండో మెట్టుకు తిరిగి వెళ్లడం మంచిది.

ఆరో మెట్టు: చెప్పడం మాని దృశ్యంలో పెట్టడం

మొదటి ప్రతిలో ఎవరైనా ఇలాగే రాస్తారు: చలపతి గొప్ప అభిమానవంతుడు, ఒక్క రూపాయి కూడా ఎవరికీ బాకీ ఉండేవాడు కాదు, ఈ పట్టుదల వల్ల అతని కుటుంబం ఎన్నో ఇబ్బందులు పడింది. ఇందులో తప్పుడు వాక్యం లేదు. కాని ఇది చలపతి గురించి రచయిత ఇచ్చిన కాండక్ట్ సర్టిఫికెట్టు. చలపతిని మనం ఇంకా చూడలేదు. దీన్నే దృశ్యంగా మారిస్తే ఇలా ఉంటుంది.

ముసలాయన యాభై రూపాయల నోటు ఇచ్చాడు. టికెట్టు ముప్పై అయిదు. సంచిలో చిల్లర లేక చలపతి టికెట్టు వెనక 15 అని రాసి, కింద గీత గీసి ఇచ్చాడు. ముసలాయన దిగే ఊళ్లో పదిమంది ఒక్కసారిగా ఎక్కారు. బస్సు కాలువ వంతెన దాటాక గాని చలపతికి గుర్తు రాలేదు. విజిల్ వేశాడు. డ్రైవరు బ్రేకు తొక్కి, ఏందన్నా, ఎవరన్నా దిగాలా అన్నాడు. చలపతి వెనక అద్దంలోంచి రోడ్డు వైపు చూశాడు. ఎవరూ లేరు. పోనీయ్ అన్నాడు. రాత్రి డిపోలో ఆ పదిహేను కలెక్షన్‌లోనే కలిసిపోయింది. ఇంటికి వెళ్లి తన డబ్బులోంచి పది రూపాయల నోటు, అయిదు రూపాయల బిళ్ల తీసి, కాగితంలో మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నాలుగు రోజులు ఆ ఊరి స్టేజీ రాగానే తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అయిదో రోజు ఉతకడానికి చొక్కా తీసిన సరోజిని పొట్లం విప్పి చూసి, ఇవి ఎవరివండీ అంది. బాకీ అన్నాడు. ఆ పూటే ఆమె కూరగాయలకు ఇరవై రూపాయలు అడిగితే ఆదివారం ఇస్తానన్నాడు.

ఈ దృశ్యంలో చివరి వాక్యం వరకు పాఠకుడు చలపతిని గౌరవిస్తూ వస్తాడు. చివరి వాక్యంతో ఆ గౌరవం పోదు, కాని దాని పక్కన ఇంకొకటి వచ్చి నిలబడుతుంది. లోపాన్ని ఇలా గుణం వెనకనే, ఒకే ఊపిరిలో చూపడం నేర్చుకోవాలి. రెండింటి మధ్య ‘కాని’, ‘అయితే’ వంటి మాటలు పెట్టి పాఠకుడికి దారి చూపించనవసరం లేదు. ఇంకొక సంగతి: ఈ దృశ్యంలో పెద్ద సంఘటన ఏదీ లేదు. లోపాన్ని మొదటిసారి చూపేది ఎప్పుడూ తక్కువ విలువ ఉన్న విషయంలో చూపండి. పదిహేను రూపాయల దగ్గర చూసిన మనిషిని పాఠకుడు ఎకరం పొలం దగ్గర వెంటనే గుర్తుపడతాడు. పొలం దగ్గరే మొదటిసారి చూపితే నమ్మడు.

ఏడో మెట్టు: చుట్టూ ఉన్నవారిని ఆ లోపానికి ముడివేయడం

ఏ లోపమూ ఒంటరిగా బతకదు. దాన్ని భరించేవారు ఒకరు, దాన్ని పొగిడేవారు ఒకరు, దాన్ని వాడుకునేవారు ఒకరు ఉంటారు. కన్యాశుల్కం నాటకాన్ని ఈ ఒక్క ఉద్దేశంతో మళ్లీ చదవమని కథలు రాసే ప్రతివారికీ చెబుతాను. అందులో లుబ్ధావధానుల లోభం, అగ్నిహోత్రావధానుల కోపం పేర్లలోనే కనిపించేంత బాహాటంగా ఉంటాయి. అయినా అవి పాత్రలను బొమ్మలుగా మార్చవు, ఎందుకంటే ఒకరి లోపాన్ని ఆసరా చేసుకుని ఇంకొకరు నడుస్తుంటారు. శిష్యుడికి ఆడవేషం వేసి కరటక శాస్త్రి పన్నిన పథకం నడిచిందంటే, ఎదుటివారి ఆశ ఎక్కడ ఉందో అతనికి తెలియడం వల్లనే నడిచింది.

చలపతి చుట్టూ కూడా ఇలాగే మనుషులను నిలబెట్టాలి. సరోజిని భరిస్తుంది. డిపోలో తోటి కండక్టర్లు పొగుడుతారు, ఆ పొగడ్త అతనికి కావాలి. పొలం కొన్నవాడు వాడుకుంటాడు: చలపతి బేరమాడితే తలవంపులనుకుంటాడని తెలుసుకుని, ఎకరానికి తక్కువ ధర చెప్పి, మీలాంటివారితో నాకు బేరమేమిటండీ అంటాడు. ఇక సుజాత ఉంది. ఆమె స్థానం అందరికన్నా చిక్కైనది, ఎందుకంటే తండ్రి లోపం వల్ల తల్లి పోగొట్టుకున్నది ఏదో అదే ఆమె చదువైంది. ఆమె తండ్రిని తప్పుపట్టలేదు, తల్లి ముఖంలోకి చూడలేదు.

అందువల్లనే ఈ కథను ఎవరి కంటితో చెప్పాలంటే నేను సుజాత కంటితో చెబుతాను. చలపతి కంటితో చెబితే లోపం అన్న ఊహ కూడా కథలో ఎక్కడా రాకూడదు, అతని గొంతులో అదంతా అభిమానమే. అలా రాయడం కష్టం, రాయగలిగితే చాలా గొప్పగా ఉంటుంది. సరోజిని కంటితో చెబితే కథ ఫిర్యాదు వైపు జారే ప్రమాదం ఉంది. లాభపడినవారి కంటితో చెప్పినప్పుడు తీర్పు చెప్పడం కుదరదు, అదే ఇక్కడ మనకు కావలసింది.

ఎనిమిదో మెట్టు: లోపాన్ని ఒక నిర్ణయం దగ్గరికి తీసుకురావడం

విషాద నాటకం గురించి రాస్తూ అరిస్టాటిల్ హమార్షియా అన్న మాట వాడాడు. దాన్ని చాలాచోట్ల గుణదోషమని అనువదించారు గాని, ఆ గ్రీకు మాటకు మూలంలో ఉన్న అర్థం గురి తప్పడం, పొరబడటం అన్నదానికి దగ్గరగా ఉంటుంది. ఈ తేడా కథకుడికి పనికివస్తుంది. లోపం ఒక స్థితిగా ఉండిపోతే కథ కదలదు. అది ఒక పనిగా, ఒక పొరపాటు నిర్ణయంగా బయటపడాలి. ఆ నిర్ణయం తీసుకునే క్షణంలో పాత్రకు ఇంకో దారి నిజంగా తెరిచి ఉండాలి. బావమరిది డబ్బు చాపమీద పెట్టి ఉన్న ఆ పది నిమిషాలు చలపతికి అలాంటి క్షణం. డబ్బు అక్కడ ఉంది, ఇచ్చేవాడు మనస్ఫూర్తిగా ఇస్తున్నాడు, తీసుకోవడానికి అడ్డు చలపతి తప్ప ఇంకేమీ లేదు. బావమరిదిని గర్విష్ఠిగా చిత్రించి ఉంటే చలపతి తిరస్కారం న్యాయమైపోయేది, లోపం మాయమయ్యేది. అందుకని ఎదుటి మనిషిని వీలైనంత మంచివాడిగా ఉంచండి.

తొమ్మిదో మెట్టు: మారాలా, మారకూడదా

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మనవాళ్ల మాట. కథల్లో మాత్రం ఒక్క ఆసుపత్రి దృశ్యంతో, ఒక్క చెంపదెబ్బతో పోతుంటుంది. అలాంటి మార్పును పాఠకుడు పైకి ఒప్పుకున్నట్టు కనిపించినా లోపల ఒప్పుకోడు. మహాభారతంలో ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరాలిచ్చి, పోయినదంతా తిరిగి ఇచ్చాక కూడా, మళ్లీ ఆడదాం రమ్మని పిలిస్తే ధర్మరాజు దారి మధ్యలో నుంచి వెనక్కి వెళ్లాడు. తగిలిన దెబ్బ ఆరకముందే మళ్లీ వెళ్లాడంటే మనకు ఆశ్చర్యంగా ఉంటుంది, కాని మనుషులు తెలిసినవారికి అది నిజమని తెలుసు.

లోపానికి చివర మూడు దారులున్నాయి. పాత్ర మారకపోవచ్చు, దాని మూల్యం పూర్తిగా చెల్లించవచ్చు. పాత్ర మారకపోయినా పాఠకుడికో పక్క పాత్రకో అది కనబడవచ్చు. లేదా లోపం పోకుండానే దాని దిక్కు మారవచ్చు. మూడోదాన్ని నేను ఎక్కువ ఇష్టపడతాను, రాయడం కూడా అదే ఎక్కువ కష్టం.

చలపతిని పదేళ్లు ముందుకు తీసుకువెళ్దాం. రిటైరయ్యాడు. సుజాత డాక్టరయింది. అతనికి గుండె ఆపరేషను చేయాలన్నారు, డబ్బు సుజాత కడతానంది. కూతురి దగ్గర కూడా అతను చేయి చాచలేడు. మొదట నాకు తోచిన ముగింపులో అతను ఏడ్చి కూతురి చేయి పట్టుకున్నాడు. అది చలపతి కాదు, నాకు కావలసిన చలపతి. రెండోసారి ఆలోచిస్తే, అతను కూతురిని ప్రోనోటు కాగితం, రెవెన్యూ స్టాంపు తెమ్మన్నాడు. అప్పు రాసిస్తే గాని తీసుకోనన్నాడు. ఇది అతనే. ఇక్కడే కథ ఆపవచ్చు. కాని ఆ కాగితం చేతికి వచ్చాక, కూర్చుని రాయడం మొదలుపెట్టి, అప్పు ఇచ్చినవారి పేరు దగ్గర సుజాత అని కాక సరోజిని అని రాశాడనుకోండి. మొత్తం రాయవలసిన చోట ఆగిపోయాడు, ఎంత రాయాలో అతనికి తెలియలేదు, ఖాళీ వదిలి కింద సంతకం పెట్టాడు. లోపం పోలేదు. రుణాన్ని కాగితం మీద పెట్టడం తప్ప అతనికి ఇప్పటికీ ఇంకో భాష తెలియదు. కాని ఇన్నేళ్లు లెక్కలోకి రాని మనిషి లెక్కలోకి వచ్చింది.

ఒక హెచ్చరిక, గట్టిగా చెప్పవలసినది

ఒంటి రంగు, పొట్టితనం, అంగవైకల్యం, నత్తి, పేదరికం, కులం, యాస ఇవేవీ లోపాలు కావు. ఇది చెప్పనవసరం లేని సంగతిలా కనిపిస్తుంది గాని, మన కథల్లోనూ నాటకాల్లోనూ సినిమాల్లోనూ ఒక ప్రాంతం యాసను దుర్మార్గుడికో, ఇంకో ప్రాంతం యాసను నవ్వించే నౌకరుకో కట్టబెట్టి, కథానాయకుడికి మాత్రం పుస్తక భాష పెట్టడం ఎన్నో ఏళ్లుగా సాగింది. శ్రీకాకుళం మనిషి, పాలమూరు మనిషి, సీమ మనిషి తమ మాట విని తామే చిన్నబోయేలా చేసింది ఈ అలవాటే. మీ పాత్రలో ఉన్నది గుణదోషమా, లేక మీరు ఎవరినో తక్కువగా చూస్తున్న చూపా అన్నది నిజాయితీగా తేల్చుకోండి. ఆ మనిషి తన ఇష్టంతో చేసిన పనిలోంచి వచ్చినదే లోపం. అతను పుట్టుకతో తెచ్చుకున్నది, ఇతరులు అతని మీద రుద్దినది కథలో ఉండవచ్చు, కాని లోపంగా ఉండకూడదు.

మానసిక రుగ్మతల విషయంలో కూడా ఇంతే. పాత్ర చేసిన క్రూరమైన పనికి చివరి పేజీలో ఒక జబ్బు పేరు చెప్పి ముగించడం వల్ల కథకూ న్యాయం జరగదు, ఆ జబ్బుతో బతుకుతున్నవారికీ జరగదు.

చివరి మెట్టు: తిరగరాయడం

లోపం మొదటి ప్రతిలో పూర్తిగా దొరకడం అరుదు. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇప్పుడు మనం చదువుతున్నది 1909లో గురజాడ తిరగరాసి బాగా పెంచిన ప్రతి, మధురవాణి మనకు తెలిసిన మధురవాణి అయింది ఆ తిరగరాతలోనే. మన కథకు పన్నెండేళ్లు పట్టనవసరం లేదు గాని, ఒక నెల పక్కన పెట్టడం మాత్రం అవసరం.

తిరిగి చదివేటప్పుడు ఒక రంగు పెన్సిలు తీసుకుని, లోపం కనిపించే వాక్యాల కింద మాత్రమే గీత గీయండి. గీతలన్నీ మొదటి రెండు పేజీల్లోనే ఉంటే మీరు దాన్ని పరిచయం చేసి వదిలేశారు. ప్రతి పేజీలోనూ ఉంటే పాత్రకు ఆ ఒక్క గుణం తప్ప ఇంకేమీ లేదు. అతను పాట వింటాడా, పిల్లిని ముద్దుచేస్తాడా, తోటి డ్రైవరుతో నవ్వుతాడా చూడండి. గీత గీసిన వాక్యాల్లో అహంకారం, మొండితనం, అభిమానం వంటి మాటలు ఉంటే వాటిని కొట్టేసి చదవండి. కొట్టేసినా అర్థమవుతుంటే అలాగే ఉంచండి, అర్థం కాకపోతే అక్కడ ఒక దృశ్యం లోపించిందన్నమాట. ఆ తరువాత కథను చదవని ఒకరికి ఇచ్చి, ఈ మనిషిని మీ ఇంటికి పిలుస్తారా అని అడగండి. వెంటనే పిలుస్తానన్నా, అసలు పిలవనన్నా ఇంకా పని మిగిలి ఉంది. కాస్త ఆలోచించి, పిలుస్తాను గాని అంటే ఆ గాని తరువాత వచ్చే మాటను జాగ్రత్తగా వినండి.

చలపతి కథ మొదటి ప్రతిలో, రిజిస్ట్రేషన్ అయి ఇంటికి వచ్చాక సరోజిని ఒక మాట అంటుంది: అందరి బాకీ టికెట్టు వెనక రాస్తారు, నాది ఎక్కడ రాశారు? రాసినప్పుడు ఆ వాక్యం నాకు చాలా నచ్చింది, అందుకే చాలా రోజులు తీయలేకపోయాను. కాని మూడోసారి చదివినప్పుడు అది సరోజిని మాట కాదని, కథ అర్థాన్ని పాఠకుడి చేతిలో పెట్టాలన్న నా తొందర అని తెలిసింది. పైగా ఆమె ఆ మాట అనేస్తే, పదేళ్ల తరువాత ప్రోనోటు మీద చలపతి ఆమె పేరు రాయడానికి బలం ఉండదు. దాన్ని కొట్టేసి, ఆ చోట ఇలా రాశాను. ఏటా సంక్రాంతి ముందు ఆ ఎకరం నుంచి వాళ్ల ఇంటికి రెండు బస్తాల బియ్యం వచ్చేవి. ఆ ఏడు సంక్రాంతికి సరోజిని సంచి పట్టుకుని కిరాణా కొట్టుకు వెళ్లింది, పెళ్లయ్యాక మొదటిసారిగా బియ్యం ధర అడిగింది. కొట్టాయన చెప్పాడు. ఆమె అయిదు కిలోలకు డబ్బు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టుకుని, ఇంటికి వచ్చింది.